మైరో ముందరికాళ్ళు

ఒకప్పుడు జిల్లేడు మీద వాలే సీతాకోకచిలుకకి ఆరు కాళ్ళూ ఒక్కలాగే ఉండేవి. ఆరింటితోనూ నడిచేది, ఆరింటితోనూ పువ్వు మీద నిలబడేది. ఇప్పుడు అలా కాదు. నమ్మకపోతే రేపు పొద్దున్న జిల్లేడు మొక్క దగ్గరికి వెళ్ళండి. నారింజ రంగు రెక్కలు, రెక్కల చివర నలుపు, ఆ నలుపులో తెల్ల చుక్కలు ఉన్న సీతాకోకచిలుక ఒకటి అక్కడ వాలుతుంది. దాని కాళ్ళు లెక్కపెట్టండి. నాలుగింటి మీదే నిలబడి ఉంటుంది.

మిగతా రెండూ ఏమయ్యాయని అడుగుతారు. అది చెప్పడానికే కూర్చున్నాను. మధ్యలో అడ్డు రాకండి. నాకు కథ తెగితే మళ్ళీ అతకదు.

ఇది మన ఊళ్ళో జరిగింది కాదు. దూరాన ఆఫ్రికాలో, ఎడారి అయిపోయి గడ్డి మొదలయ్యే చోట ఒక పెద్ద ఏరు ఉంది. ఆ ఏటి గట్టు మీద ఒక ముసలి జిల్లేడు ఉండేది. అవును, జిల్లేడే. రథసప్తమి నాడు తలమీద పెట్టుకుని స్నానం చేసి, మిగతా ఏడాదంతా మనం పట్టించుకోని జిల్లేడే అక్కడా ఉంది. ఆ జిల్లేడుని అందరూ అవ్వా అని పిలిచేవారు.

ఆ రోజుల్లో ఈ జిల్లేడు సీతాకోకచిలుకలు ఎక్కడికీ వెళ్ళేవి కావు. అవ్వ ఆకు మీదే గుడ్డులోంచి బయటికి వచ్చేవి. అవ్వ ఆకులే తిని పెరిగేవి. అవ్వ కొమ్మకే బుడ్డిలాంటి గూడు వేలాడదీసుకుని అందులో పడుకునేవి. రెక్కలొచ్చాక అవ్వ పువ్వుల్లో తేనె తాగి, అవ్వ ఆకు మీదే గుడ్లన్నీ ఓ కుప్పగా పెట్టేసేవి. పుట్టిల్లూ అదే, అత్తిల్లూ అదే.

అందుకని వాటికి ఏదీ గుర్తు పెట్టుకోవలసిన పని ఉండేది కాదు. పెట్టుకుందామన్నా కుదిరేది కాదు లెండి. గూటిలోకి వెళ్ళిన పురుగు వెళ్ళినట్టు ఉండదు. లోపల మొత్తం జావలాగా కరిగిపోయి, మళ్ళీ మొదటినుంచీ తయారవుతుంది. ఆ కరగడంలో చిన్నప్పటి సంగతులన్నీ పోతాయి. రెక్కలతో బయటికి వచ్చిన ప్రతి పిల్లా, "నేనెవర్ని?" అనే అడిగేది. అవ్వ ఓపిగ్గా చెప్పేది. పక్కన అవ్వ ఉండగా మర్చిపోతే మాత్రం భయమేముంది?

అలాంటి రోజుల్లో పుట్టింది మైరో.

పుట్టినప్పుడు నువ్వుగింజంత పురుగు. కళ్ళు తెరవగానే ఆకలి. ఎదురుగా పళ్ళెమంత ఆకు. నోరు పెట్టబోయింది.

"ఆగు," అంది అవ్వ. "ముందు ఈనె కొరుకు. పాలు కారనీ. కారడం ఆగాక తిను. లేకపోతే మూతి అతుక్కుపోతుంది."

పుట్టి గడియ కాలేదు, మైరో అప్పుడే మాట వినే రకం కాదు. గబుక్కున ఆకు కొరికింది. తెల్లటి పాలు బొళుక్కున వచ్చి మూతి నిండా అంటుకుపోయాయి. అవ్వ తిట్టుకుంటూ కొమ్మ ఊపి, పక్క ఆకు నూగుకేసి దాని మూతి తుడిచింది.

"చేదుగా ఉందవ్వా," అంది మైరో మూతి ఊడిరాగానే.

"చేదే తినాలి. చేదు తిని పెరిగినదాన్ని ఏ పిట్టా మింగలేదు. నా దగ్గర ఉన్నది ఇదే, నీకు పెట్టేదీ ఇదే."

ఆ తరవాత మైరో బాగానే నేర్చుకుంది. ముందు ఈనె కొరికేది, పాలు కారనిచ్చేది, ముందరి రెండు కాళ్ళతో ఆకు అంచు గట్టిగా పట్టుకుని కరకరా తినేది. పురుగుకి పదహారు కాళ్ళు ఉంటాయి. కానీ పాలు కారేది మాత్రం ఎప్పుడూ ఆ ముందరి రెండింటి మీదే. రోజూ తడిసేవి, రోజూ ఆరేవి. ఒంటిమీద నలుపు, తెలుపు, పసుపు చారలు వచ్చాయి. వేలంత అయింది.

గూడు కట్టుకునే రోజు వచ్చింది. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. గూటిలోకి వెళ్ళేముందు ప్రతి పిల్లా అవ్వ ఆకులన్నిటి మీదా ఒక చుట్టు నడవాలి. దాన్ని కాలి సెలవు అనేవారు, అంటే కాళ్ళతోనే అవ్వ దగ్గర సెలవు తీసుకోవడం. మైరో ఒక చుట్టు నడిచింది. రెండో చుట్టు నడిచింది. మూడోది కూడా మొదలుపెట్టింది.

"చాలే, నా ఒళ్ళంతా చక్కిలిగిలి," అంది అవ్వ.

"నాకు వెళ్ళాలని లేదవ్వా. లోపలికి వెళ్తే నిన్ను మర్చిపోతానట."

"మర్చిపోతావు. అందరూ మర్చిపోయారు. నేనెక్కడికి పోతాను? బయటికొచ్చాక మళ్ళీ చెబుతాను."

మైరో మూడో చుట్టు పూర్తిచేసి, తలకిందులుగా వేలాడి, ఆకుపచ్చ బుడ్డి అయింది. బుడ్డి చుట్టూ బంగారు చుక్కలు వచ్చాయి. అవ్వ ఆ బుడ్డికి ఎండ తగలకుండా ఒక ఆకు అడ్డం పెట్టి కూర్చుంది.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. గడ్డంతా ఎండి గలగలమంది. ఎడారి మీంచి దుమ్ముగాలి మొదలైంది. ఒక మధ్యాహ్నం ఎక్కడో నిప్పు రాజుకుని, గడ్డి మీదుగా ఏటి గట్టుకే వచ్చింది.

సరిగ్గా అప్పుడే బుడ్డి పగిలి మైరో బయటికి వచ్చింది. రెక్కలు ఇంకా తడిగా ఉన్నాయి. పదహారు కాళ్ళల్లో పది కరిగిపోయాయి, ఆరే మిగిలాయి. కళ్ళు చికిలించి చూసింది, పొగలో ఏదీ సరిగా ఆనలేదు.

"నేనెవర్ని?" అంది. "నువ్వెవరు?"

చెప్పడానికి అవ్వకి టైము లేదు. కింద ఆకులకి అప్పటికే సెగ తగులుతోంది.

"రెక్కలు విప్పు. గాలి ఎటు తోస్తే అటు పో. నీకు నేను గుర్తుండను. నీ కాళ్ళకి గుర్తుంటాను. ఇక పో," అని కొమ్మ గట్టిగా విదిలించింది.

గాలి మైరోని ఎత్తుకుపోయింది. ఏటికి ఆ ఒడ్డున పడేసింది. వెనక్కి చూస్తే పొగ తప్ప ఏమీ కనబడలేదు. ఆ మాట ఎవరిదో, ఎందుకన్నారో మైరోకి తెలీదు. మాట మాత్రం చెవిలో ఉండిపోయింది.

ఆ ఒడ్డున మనుషులు తోటలు వేసుకున్నారు. సజ్జ చేలు, బెండ మళ్ళు, మందారాలు, ఒక నిమ్మచెట్టు. నిమ్మచెట్టు మీద లాదీ అని ఒక పెద్ద నల్ల సీతాకోకచిలుక ఉండేది. రెక్కల మీద పసుపు మచ్చలు. నోరు పెద్దదే గానీ మనసు మంచిది. కొత్తగా వచ్చిన మైరోకి ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో, తోటలో కోళ్ళు ఎటు తిరుగుతాయో అన్నీ చూపించింది.

మైరో సుఖంగానే ఉంది. కడుపునిండా తేనె. ఒంటినిండా ఎండ. కానీ సాయంత్రం పూట ఒక్కత్తీ కూర్చున్నప్పుడు ముందరి రెండు కాళ్ళూ ఒకదానికొకటి రుద్దుకునేది. ఎందుకో తనకే తెలీదు. ఏదో ఎక్కడో వదిలేసి వచ్చినట్టు ఉండేది. అదేమిటో ఎంత ఆలోచించినా అందేది కాదు.

ఇంతలో గుడ్లు పెట్టే వేళ వచ్చింది.

మైరో తోటంతా తిరిగి, అన్నిటికన్నా తియ్యటి మందారం చూసింది. నా పిల్లలకి నాకన్నా మంచి తిండి పెట్టాలి అనుకుంది. ఏ తల్లైనా అలాగే అనుకుంటుంది. ఆ మందారం మీద ఇరవై గుడ్లు కుప్పగా పెట్టింది. రోజూ పక్కనే కూర్చుని చూసుకుంది.

నాలుగో రోజున గుడ్లు పగిలాయి. ఒక్కొక్కటే తలలు బయటికి వచ్చాయి.

"అమ్మా, ఆకలి."

"తేనె తాగండి. ఎంత తియ్యగా ఉందో చూడండి," అంది మైరో.

తేనె తాగాలంటే తొండం ఉండాలి. వాటికి పళ్ళే ఉన్నాయి. పువ్వు రేకు కొరికి ఉమ్మేశాయి. పక్కన ఆకు కొరికి అదీ ఉమ్మేశాయి. "ఇది మాది కాదమ్మా," అన్నాయి. మధ్యాహ్నానికి ఆకలి ఆగక, ముందు పుట్టినవి పక్కనున్న పగలని గుడ్లని కొరకడం మొదలుపెట్టాయి. మైరో మధ్యలో రెక్క అడ్డం పెట్టింది. ఎన్నిటికని పెడుతుంది? సాయంత్రమయ్యేసరికి ఆ మందారం మీద ఎవరూ మిగల్లేదు.

మైరో అక్కడే కూర్చుంది. లాదీ వచ్చి పక్కన వాలింది.

"నువ్వు దేని మీద పుట్టావే?" అని అడిగింది.

"తెలీదక్కా."

"అదేమిటే? నేను నిమ్మాకు మీద పుట్టాను, నిమ్మాకు మీదే పెడతాను. పుట్టింటి ఆకు తప్ప మన పిల్లలు ఇంకోటి ముట్టరు. పుట్టిల్లు తెలీకుండా గుడ్లెలా పెట్టావు?"

"ఎప్పుడూ ఎవరో చెప్పేవారనుకుంటా. ఆ చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు."

లాదీకి అయ్యో అనిపించింది. "కడుపులో ఇంకా ఎన్నున్నాయి?"

"ఓ పది దాకా."

"మన రెక్కలు ఇంకో వారం కూడా నిలవవు. ఆలోగా నీ ఆకు దొరకాలి. దొరక్కపోతే మీ వంశం నీతోనే ఆఖరు, ఏం చెప్పమంటావు."

మర్నాడు పొద్దున్నే మైరో వెతకడానికి బయల్దేరింది. కనబడ్డ ఆకుమీదల్లా వాలింది. కళ్ళకి ఏ ఆకూ తెలిసినదానిలా లేదు. తొండానికి తేనె తప్ప ఇంకే రుచీ తెలీదు. మధ్యాహ్నానికి అలిసిపోయి దారి మధ్యలో ఒక మట్టిగడ్డ మీద కూర్చుంది.

"దిగమ్మా, దిగు. అది మట్టి కాదు, నా సామాను," అని కింద ఎవరో అన్నారు.

చూస్తే దౌదా తాత. ముసలి పేడపురుగు. పేడ ఉండని వెనక కాళ్ళతో తోసుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"తాతా, నువ్వు దేశమంతా తిరుగుతావు కదా. నేను దేని మీద పుట్టానో నీకేమైనా తెలుసా?"

"నేను పుట్టింది పేడలో. అది మాత్రం బాగా గుర్తు. నీ సంగతి నాకెలా తెలుస్తుంది?" అని రెండడుగులు తోసి ఆగాడు. "అవునూ, కూర్చున్నదగ్గర్నుంచీ చూస్తున్నాను, ఆ ముందరి కాళ్ళు ఎందుకలా రుద్దుకుంటున్నావు?"

మైరో తన కాళ్ళకేసి చూసుకుంది. "చేదుగా అనిపిస్తాయి తాతా."

"కాళ్ళు చేదేమిటే?"

అప్పుడు మైరోకి చెవిలో ఉండిపోయిన మాట తగిలింది. నీకు నేను గుర్తుండను, నీ కాళ్ళకి గుర్తుంటాను. గబగబా ఒక్కో కాలూ మోపి చూసుకుంది. వెనక కాళ్ళకి దుమ్ము రుచి. మధ్య కాళ్ళకి తేనె రుచి. ముందరి రెండింటికే అడుగున ఎక్కడో చేదు ఉంది. అదీ సన్నగా.

"తాతా, మొదట్లో ఇంతకన్నా ఎక్కువ ఉండేది. అరిగిపోతోంది."

"అరగదూ మరి? పొద్దున్నించీ ఊరందరి ఆకులూ తొక్కుతున్నావు. ఇంగువ డబ్బా మూత తీసి నడి వీధిలో పెడితే ఏమవుతుంది? మూత పెట్టెయ్యి."

ఆఫ్రికా పేడపురుగుకి ఇంగువ సంగతి ఎలా తెలుసని అడగబోతున్నారు కదూ. అతనికి తెలీకపోతే నాకు తెలుసు. చెప్పేది నేను.

మైరో ఆ రెండు కాళ్ళూ ఎత్తి గుండెకి ముడుచుకుంది. నాలుగింటి మీద నిలబడబోతే ముందుకి బోర్లా పడింది. లేచి మళ్ళీ నిలబడింది. మళ్ళీ పడింది. తోటలో సీతాకోకచిలుకలన్నీ చూసి నవ్వాయి. కుంటిదని పేరు పెట్టాయి. మైరోకి సిగ్గుగానే ఉంది, అయినా కాళ్ళు దించలేదు. సాయంత్రానికి నాలుగు కాళ్ళ మీద నిలబడటం వచ్చేసింది.

అప్పట్నుంచీ ఒక పద్ధతి పెట్టుకుంది. ఆకు మీద నాలుగు కాళ్ళతో వాలడం, ముందరి కాళ్ళు విప్పి మెల్లిగా ఒక్కసారి తట్టడం, కాదంటే వెంటనే ముడిచెయ్యడం. సజ్జాకు తట్టింది, కాదు. బెండాకు తట్టింది, కాదు. లాదీ మాట కాదనలేక నిమ్మాకు కూడా తట్టింది, అదీ కాదు. తట్టినప్పుడల్లా చేదు ఇంకాస్త తగ్గేది. రెండు రోజులు తిరిగేసరికి ఆ ఒడ్డున తట్టని ఆకు లేదు.

"నిన్ను గాలి ఎటునించి తెచ్చింది?" అని దౌదా తాత అడిగాడు.

"ఏటి అవతల నుంచి. కానీ అక్కడ అంతా కాలిపోయింది తాతా."

"కాలిపోయినా సరే, వెనక్కి నడు. నేను రోజంతా చేసేది అదే. ఇల్లు చేరకుండా ఉన్నానా?"

మైరో లాదీకి చెప్పి బయల్దేరింది. "మళ్ళీ రానేమో అక్కా," అంది. "రాకపోతేనే మంచిది, ఇల్లు దొరికిందనుకుంటాను," అంది లాదీ.

ఏరు సగం దాటేసరికి ఒక పిట్ట వచ్చి మైరోని గభాలున నోట కరుచుకుంది. మరుక్షణమే థూ అని ఉమ్మేసింది.

"ఏం తిని పెరిగావే నువ్వు?" అంది పిట్ట, ముక్కు ఏటి నీళ్ళలో ముంచి కడుక్కుంటూ.

"అదే వెతుక్కుంటున్నాను," అంది మైరో.

రెక్క అంచు చిరిగింది. చిరిగిన రెక్కతోనే అవతలి గట్టు చేరింది.

గట్టంతా నల్లగా ఉంది. బొగ్గూ బూడిదా. మొన్న కురిసిన మొదటి జల్లుకి బూడిదలో అక్కడక్కడ పచ్చ చుక్కలు లేచాయి. మైరో ఒకదాని మీద వాలి తట్టింది. గడ్డిపరక. ఇంకోదాన్ని తట్టింది. అదీ కాదు. కాళ్ళల్లో చేదు ఇంక ఒక్క తట్టుకి సరిపడా మాత్రమే ఉంది.

కాలిపోయిన ఒక మోడు మొదట్లో చిన్న మొలక కనబడింది. రెండే ఆకులు. ఆకుల కింద పిండి జల్లినట్టు తెల్లటి నూగు. చూస్తే ఏమీ గుర్తు రాలేదు. మైరో దాని మీద వాలి చాలాసేపు అలాగే నిలబడింది. ఇది కూడా కాదంటే ఇక తట్టడానికి ఏమీ ఉండదు.

ఆఖరికి కాళ్ళు విప్పి తట్టింది.

చేదు. నిండుగా, వెచ్చగా, పాలతో తడిసిన చేదు. మూతి అతుక్కుపోవడం గుర్తొచ్చింది. కొమ్మ ఊగడం గుర్తొచ్చింది. చాలే నా ఒళ్ళంతా చక్కిలిగిలి అన్న గొంతు గుర్తొచ్చింది. గూటిలో కరిగిపోయిందనుకున్నదంతా కాళ్ళల్లోంచి పైకి వచ్చింది. మైరో ఏడ్చింది. సీతాకోకచిలుకలు ఏడవవని ఎవరైనా చెబితే చెప్పనీండి.

"అవ్వా," అంది.

మొలక ఉలిక్కిపడింది. "ఎవరు నువ్వు?" అంది. సన్నటి, చిన్నపిల్ల గొంతు.

"నేను మైరోని. నీ పిల్లని."

"నాకు పిల్లలేమిటి? నాకు రెండాకులే ఉన్నాయి. నేను మొన్ననే పుట్టాను."

అవ్వ కూడా కాలిపోయి, వేరులోంచి మళ్ళీ మొదలైంది. అవ్వకే ఏమీ గుర్తు లేదు. అప్పుడు మైరోకి అర్థమైంది, ఇప్పుడు చెప్పవలసింది తనే.

"నువ్వు మా అవ్వవి. పెద్దయ్యాక ఇక్కడ పెద్ద పొద అవుతావు. ముందు నేను చెప్పేది విను. నీ ఆకు కింద ఒక గుడ్డు పెడతాను. నాలుగు రోజులకి ఒక పిల్ల వస్తుంది. ఆకలని గబుక్కున కొరకబోతుంది. నువ్వు ఆగమనాలి. ముందు ఈనె కొరుకు, పాలు కారనీ, ఆగాక తిను అని చెప్పాలి."

"వినకపోతే?"

"వినదు. మూతి అతుక్కుంటుంది. అప్పుడు తుడిచి, మళ్ళీ చెప్పాలి. చేదుగా ఉందంటుంది. చేదే తినమనాలి. గూటిలోకి వెళ్ళేముందు నీ ఆకుల మీద నడిపించాలి. ఎన్ని చుట్లు నడుస్తానంటే అన్ని చుట్లు నడవనివ్వు. రెక్కలొచ్చాక ముందరి కాళ్ళు గుండెకి ముడుచుకోమను, తల్లయ్యే వేళకి వాటితోనే ఆకు తట్టి చూసుకోమను."

మొలక మాటలన్నీ ఒకసారి అప్పజెప్పింది. ఒకచోట తప్పింది. మైరో దిద్దింది.

తరవాత ఆకు కింద ఒక్క గుడ్డు పెట్టింది. ఒక్కటే. మందారం మీద కుప్ప పెట్టిన రోజు ఇంకా కళ్ళముందే ఉంది.

"ఒకటే పెట్టావే?" అంది మొలక.

"ఉన్నవి రెండాకులు. ఇద్దరికి చాలవు."

అవ్వ ఆకుని తాకినందుకు కాళ్ళకి మళ్ళీ పూర్తి చేదు వచ్చింది. మైరో వాటిని గుండెకి ముడుచుకుని, గట్టు పొడుగునా తక్కువ ఎత్తులో నెమ్మదిగా ఎగిరింది. పోయినేడు అవ్వ కాయలు పగిలి ఎగిరిన దూదిగింజలు అక్కడక్కడ మొలకెత్తి ఉన్నాయి. తట్టి చూసుకుని, ఒక్కో మొలకకి ఒక్కో గుడ్డు పెట్టింది. ప్రతి మొలకకీ అవే మాటలు చెప్పింది. పదీ అయిపోయాక అవ్వ దగ్గరికే వచ్చి, మోడు మీద రెక్కలు వాల్చి కూర్చుంది. ఇక లేవలేదు.

నాలుగో రోజున గుడ్డు పగిలింది. నువ్వుగింజంత పిల్ల కళ్ళు తెరిచింది. ఎదురుగా ఆకు. నోరు పెట్టబోయింది.

"ఆగు," అంది మొలక.

అప్పటినుంచే ఈ సీతాకోకచిలుక తన గుడ్లు కుప్పగా పెట్టదు, ఆకు కింద ఒక్కొక్కటే పెడుతుంది. అప్పటినుంచే జిల్లేడు పొదల చుట్టూ తొందర లేకుండా కిందకిందనే ఎగురుతుంది. అప్పటినుంచే ముందరి రెండు కాళ్ళూ నేలకి మోపదు, గుండెకి ముడుచుకుని నాలుగింటి మీదే నిలబడుతుంది. అక్కచెల్లెళ్ళని చూసి మగపిల్లలు కూడా ముడుచుకున్నారు గానీ, తట్టడం మాత్రం వాళ్ళకి రాదు. ఆడపిల్ల అయితే ఎన్ని పువ్వులు తిరిగినా, ఎంత తేనె తాగినా, తల్లయ్యే వేళకి ఒక జిల్లేడు వెతుక్కుంటూ వస్తుంది. దాచుకున్న ఆ రెండు కాళ్ళూ విప్పి, పుట్టింటి తలుపు తట్టినట్టు ఆకుని మెల్లిగా తడుతుంది.